దోనెలో రేడియో

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లపు ప్రదేశమున కొల్లేరు సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు వచ్చి దానిలో పడుచున్నవి. అందలి నీరు మాత్రము ఉప్పుటేరను ఒక్క మార్గముననే బంగాళాఖాతమును చేరవలెను. వచ్చు దారులు పెక్కు. పోవు దారి ఒక్కటి. సముద్రము పోటుమీద నున్నపుడు ఆ ఒక్క దారియు సరిగా పారదు. అందుచేత ఎగువనున్న మైలవరము, చింతలపూడి ప్రాంతములలో నేడు కురిసిన పెద్దవాన కొంత కాలమునకు కొల్లేటి లంకల యొద్ద నీటిమట్టమును పెంచును. ఆ నీరు వచ్చి చేరువరకు లంకలోని వారికి తలపై ఆకాశము నిర్మలముగనే కనిపించుచుండవచ్చును. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు పేటలను ముంచెను. ఆ నీరే పిమ్మట దిగివచ్చి కొల్లేటి లంకగ్రామములను చుట్టుముట్టెను.

కావున ఈ నీటిపై తిరుగువాడు తన కంటికి కనబడు ఆకాశమును మాత్రమే నమ్ముకొనరాదు. కంటికి కనబడని దూరపు సంగతులు అతనికి తెలియవలెను. అరచేతిలో ఇముడు చిన్న రేడియో అట్టి సంగతులను తెలుపగలదు. అయితే దాని స్వభావము నెరిగి వాడుకొన్నవానికే అది పూర్తిగా ఉపయోగపడును.

కొల్లేటిపై జాలరులు చిరకాలము నుండి తాటిదోనెలను వాడుచు వచ్చిరి. తాటిమానును నిలువుగా చీల్చి, లోని మెత్తని భాగమును తొలిచివేసినచో దోనె ఏర్పడును. రెండింటిని జతపరచి కట్టుటయు కలదు. లోతు తక్కువైన చోట గెడతో నెట్టుచు దానిని నడుపుదురు. దోనెకు దూరపు బంధువని చెప్పదగిన చిన్న పడవ యొకటి ప్రపంచమున మిక్కిలి ప్రసిద్ధి పొందినది. దాని పేరు కయాక్. ఉత్తర ధ్రువ ప్రాంతమున నివసించు ఇన్యూట్ జాతివారు కొయ్యతోను, ఎముకలతోను చట్రము కట్టి, దానిపై సీలు జంతువు చర్మమును బిగించి ఈ పడవను చేసికొనెడివారు. నేడు దీనిని ప్లాస్టికుతోను, గాజునారతోను చేయుచున్నారు. ఒక మనిషి కాళ్లు చాచుకొని నీటిమట్టమునకు ఇంచుమించు సమముగా కూర్చుండి, రెండువైపుల ఆకులు గల తెడ్డుతో దానిని నడుపును. గుడారము, దుప్పటి, బియ్యము, త్రాగునీరు అందులో సర్దుకొని, పగలెల్ల నీటిపై ప్రయాణము చేసి, రాత్రి ఏ గట్టుపైననో బసచేయుట పెక్కు దేశముల యువకులకు ప్రియమైన వినోదము.

దోనెకైనను, కయాక్‌కైనను ఒక్కటే నియమము: బరువు తక్కువగా నుండవలెను, చోటు తక్కువగా పట్టవలెను, తడిసినను పెద్దనష్టము కలుగరాదు. డెబ్బదియేండ్ల క్రిందట ఈ నియమమునకు లోబడు రేడియో మన జనులకు దొరకెడిది కాదు. ఆనాటి రేడియోలో గాజుబుడ్ల వంటి వాల్వులుండెడివి. అవి కాగినగాని పనిచేయవు. విద్యుత్తు లేని చోట వాటిని కాచుటకొక బ్యాటరీయు, వాటిలో ఎలక్ట్రానులను నడపుటకు తొంబది వోల్టుల మరియొక బ్యాటరీయు కావలసి యుండెను. అంత బరువును దోనెలో నెవడు పెట్టుకొనును? ఆ కాలమున పల్లెలలో పంచాయతీ కార్యాలయముల యందు రేడియో నుంచి, సాయంకాలమున ధ్వనివర్ధకము ద్వారా ఊరివారికి వినిపించెడివారు. రేడియో ఉన్న చోటికి మనుష్యులు నడచిపోయెడివారే గాని, మనుష్యులు పోవు చోటికి రేడియో వచ్చెడిది కాదు.

ఈ స్థితిని మార్చినది ట్రాన్సిస్టరు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ అను శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. వారికిని, ఆ పరిశోధక వర్గమునకు నాయకుడైన విలియం షాక్లీకిని 1956లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించెను. గోధుమగింజంత పదార్థము వాల్వు చేయు పనిని కాగకుండనే చేసెను. 1954లో నాలుగే ట్రాన్సిస్టరులు గల జేబురేడియో అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. మన పల్లెలలో ఆ పరికరము పేరే రేడియోకు పేరైనది. 'ట్రాన్సిస్టరు' అనినచో రేడియో అనియే అర్థము. ఒకప్పుడు దానిని ఉంచుకొనుటకు పోస్టాఫీసులో రుసుము చెల్లించి లైసెన్సు పొందవలసి యుండెనని నేటి బాలురకు చెప్పినచో నమ్మరు. 1980 తరువాత కొలదియేండ్లకే ఆ నిర్బంధము తొలగిపోయినది.

ఇక ఈ పెట్టె ఎట్లు వినుచున్నదో చూతము.

ప్రసార కేంద్రమునుండి వెలువడు రేడియో తరంగములు సెకనుకు మూడులక్షల కిలోమీటర్ల వేగముతో పోవును. ఇవి కాంతి తరంగములకు తోబుట్టువులే. దైర్ఘ్యమున మాత్రమే భేదము. ఆకాశవాణి విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. దాని మీడియం వేవ్ ప్రసారము 837 కిలోహెర్ట్జుల వద్ద వినిపించుచు వచ్చినది. అనగా ఆ తరంగము సెకనుకు ఎనిమిది లక్షల ముప్పదియేడువేల మారులు కంపించును. వేగమును ఈ సంఖ్యచే భాగించి చూడుడు. ఒక్కొక్క తరంగము పొడవు ఇంచుమించు 358 మీటర్లని తేలును. 102 మెగాహెర్ట్జుల ప్రాంతమున వచ్చు ఎఫ్. ఎం. తరంగము పొడవో, మూడు మీటర్లకు మించదు. ఒకటి ఒక వీధియంత పొడవు. మరియొకటి ఒక మంచమునకు కొంచెము మించిన పొడవు. నీటిపై రేడియో వినువాడు తెలిసికొనవలసిన విశేషములలో సగము ఈ భేదమునుండియే పుట్టుచున్నవి.

ఎఫ్. ఎం. తరంగములు చాలవరకు కంటిచూపు వలె తిన్నగా పోవును. భూమి గుండ్రముగా నుండుటచేత కొంతదూరము పోయిన పిమ్మట అవి భూమిని విడిచి పైకి పోవును. ప్రసార స్తంభము నూరు మీటర్ల యెత్తున నున్నదనుకొందము. దానినుండి ఎఫ్. ఎం. తరంగము నేలనంటి సుమారు నలువదియొక్క కిలోమీటర్ల వరకు చేరును. వినువాడు దోనెలో కూర్చుండి, రేడియోను నీటికి ఒక మీటరు ఎత్తున పట్టుకొన్నచో మరి నాలుగు కిలోమీటర్లు కలిసివచ్చును. అతడే యేబది మీటర్ల ఎత్తుగల గుట్టనెక్కినచో నాలుగునకు బదులు ఇరువదితొమ్మిది కిలోమీటర్లు కలిసివచ్చును. ఏలూరు విజయవాడకు సుమారు అరువది కిలోమీటర్ల దూరము. కావున కొల్లేటి నడుమ దోనెలో గుసగుసలాడు ఎఫ్. ఎం. కేంద్రము, అంతకంటె దూరముననున్న ద్వారకాతిరుమల కొండమీద స్పష్టముగా వినబడినను ఆశ్చర్యపడ నక్కరలేదు. చిన్న వేంకటేశ్వరస్వామి దర్శనమునకై శేషాచలము నెక్కిన యాత్రికుడు కయాక్‌లోని వానికన్న ఎత్తున నున్నాడు, అంతియే భేదము. కొండకు అవతలివైపు దిగినచో ఆ కొండయే తరంగములకు అడ్డమగును.

మీడియం వేవ్ తరంగములు అట్లు కావు. అవి నేలనంటుకొని భూమి వంపు వెంబడి ప్రాకును. ఎండిన రాతినేల వాటి బలమును త్వరగా హరించును. తడినేల విద్యుత్తును బాగుగా ప్రసరింపజేయును గనుక దానిమీద అవి సుఖముగా సాగిపోవును. వరిచేలు, చేపల చెరువులు, కాలువలు నిండియున్న డెల్టా సీమ వాటికి రాజమార్గమని చెప్పవచ్చును. అంతియేగాక సరస్సు నడుమ మరియొక లాభము కలదు. ఊరిలో ఎల్.ఇ.డి. దీపములు, సెల్‌ఫోను చార్జరులు, విద్యుత్ తీగలు గరగర శబ్దమును పుట్టించి మీడియం వేవును పాడుచేయుచుండును. నీటిపై నాలుగు కిలోమీటర్లు పోయినచో ఆ రొద తగ్గి, ఇంటిలో వినబడని కేంద్రములు వినవచ్చును. ఇంటిలో పరీక్షించి "ఇది పనికిరాదు" అని రేడియోను విడిచి పోవువాడు తొందరపడినట్లే.

రాత్రియైన కొలది మరియొక వింత జరుగును. పగలు వినబడని చెన్నై, సింహళము మొదలగు దూరపు కేంద్రములు ఒకదానివెనుక నొకటి వచ్చి చేరును. భూమికి పైన అరువది కిలోమీటర్ల ఎత్తు మొదలుకొని వాయువులు సూర్యకాంతి తాకిడిచే విద్యుదావేశమును పొంది యుండును. ఆ ప్రదేశమునకు అయనావరణమని పేరు. అందలి క్రిందిపొర మీడియం వేవ్ తరంగములను దూదివలె పీల్చివేయును. సూర్యుడస్తమించినంతనే ఆ పొర మాయమగును. అప్పుడు తరంగములు పైపొరలవరకు పోయి, అద్దముపై పడిన వెలుగువలె పరావర్తనము చెంది, వందలకొలది కిలోమీటర్ల దూరమున నేలకు దిగివచ్చును. ఇంగ్లండున ఎడ్వర్డ్ ఆపిల్టన్ 1924లో ప్రయోగములచే ఈ పొరల ఉనికిని నిరూపించి, 1947లో నోబెల్ బహుమానమును పొందెను. మన దేశమున కలకత్తా విశ్వవిద్యాలయాచార్యుడు శిశిరకుమార మిత్ర ఈ విషయమున చేసిన కృషి లోకప్రఖ్యాతమైనది. ఊర్ధ్వవాయుమండలమును గూర్చి ఆయన వ్రాసిన గ్రంథము 1947లో వెలువడెను.

ఈ రాత్రి వినికిడి వినోదకరమేగాని నమ్మదగినది కాదు. ఆకాశమునుండి వచ్చు తరంగమును, నేలవెంట వచ్చు తరంగమును ఒకదానితో నొకటి కలియుచు విడిపోవుచు నుండుటచే ధ్వని అలవలె లేచుచు పడుచుండును. వాతావరణ వార్త నడుమ అతి ముఖ్యమైన మాటయే పడిపోవచ్చును. అందుచేత అవసరమైన వార్తకు సమీప కేంద్రమునే ఆశ్రయింపవలెను. బయలుదేరుటకు ముందు ఇంటియొద్దనే ప్రాంతీయ వార్తల వేళలను, ఏ కేంద్రము డయలుపై ఏ అంకెవద్ద వచ్చునో కాగితముపై వ్రాసి రేడియో వెనుక అంటించుకొనుట మంచిది. చీకటిలో, చలిగాలిలో, తడిసిన వ్రేళ్లతో కేంద్రమును వెదకుట ఎంత కష్టమో వెదకినవానికే తెలియును.

ఇప్పుడు నేను చెప్పబోవు గుణము రేడియో వాడువారిలో చాలమందికి తెలియదు. ఈ పెట్టె వార్తలను చెప్పుటయేగాక దిక్కును కూడ చూపగలదు.

మీడియం వేవ్ కొరకు రేడియో లోపల ఫెర్రైట్ అను నల్లని కడ్డీ యొకటి, దానిపై సన్నని రాగితీగ చుట్టయు నుండును. సాధారణముగా ఆ కడ్డీ పెట్టె పొడవు వెంబడి అమర్చబడి యుండును. పైకి లాగెడు ఏరియల్ ఎఫ్. ఎం., షార్ట్‌వేవ్ తరంగములకే గాని మీడియం వేవ్‌కు సాధారణముగా అక్కరకు రాదు. కడ్డీ ప్రసార కేంద్రమునకు అడ్డముగా నున్నపుడు ధ్వని హెచ్చుగా వినబడును. కడ్డీ కొన కేంద్రమువైపు తిరిగినపుడు ధ్వని అణగిపోవును. దీనిని మీ ఇంటియొద్దనే పరీక్షింపవచ్చును. పగటివేళ ఒక మీడియం వేవ్ కేంద్రమును పట్టి, రేడియోను నిలువుగా నుంచి, మెల్లగా చుట్టు త్రిప్పుడు. ఒక పూర్తి చుట్టులో రెండుమారులు ధ్వని సన్నగిల్లును.

విజయవాడ కొల్లేటికి ఇంచుమించు పడమట నున్నది. కాబట్టి కొల్లేటిలో ఆ కేంద్రమును బాగుగా వినవలెనన్నచో పెట్టె పొడవు ఉత్తర దక్షిణములుగా నుండవలెను. ఈ సంగతి తెలియనివాడు ధ్వని తగ్గినపుడు బ్యాటరీని నిందించుచు ధ్వని బొత్తమును హెచ్చించును. తెలిసినవాడు పెట్టెను కొంచెము త్రిప్పును. పడవ మలుపు తిరిగినప్పుడెల్ల రేడియో కూడ తిరుగుచుండుటచేత ఈ పని మాటిమాటికి చేయవలసి యుండును.

ఇక దారి తప్పిన వాని సంగతి. కొల్లేటిలో కిక్కిస గడ్డి మనిషిని మించి పెరుగును. దాని నడుమ సందులు ఒకదానినొకటి పోలియుండును. ధనుర్మాసపు ఉదయములలో పొగమంచు క్రమ్మినపుడు సూర్యుడును కనబడడు, గట్టును కనబడదు. అట్టి వేళ విజయవాడ కేంద్రమును పట్టి, ధ్వని మిక్కిలి సన్నగిల్లువరకు పెట్టెను త్రిప్పవలెను. ఆ స్థితిలో పెట్టె కొనలు చూపు రేఖ ఇంచుమించు తూర్పు పడమరల రేఖ. హెచ్చు ధ్వనిని పట్టి దిక్కు తెలిసికొన యత్నింపరాదు. ధ్వని హెచ్చుగా వినబడు స్థానము విశాలమైనది; సన్నగిల్లు స్థానము ఇరుకైనది, కనుక కచ్చితమైనది. రేఖకు రెండు కొనలున్నవి. వానిలో పడమటిది ఏదో రేడియో చెప్పజాలదు. బయలుదేరినపుడు గట్టు ఏ వైపున విడిచెనో, గాలి ఏ చెంపకు తగిలెనో జ్ఞాపకముంచుకొన్నవాడు దానిని నిర్ణయించుకొనగలడు. దిక్సూచి యంత్రము కలవానికి ఇంత శ్రమ లేదు. కాని ఒక హెచ్చరిక: రేడియోలోని ధ్వనిపేటిక వెనుక బలమైన అయస్కాంతము కలదు. దిక్సూచిని రేడియో ప్రక్కన పెట్టినచో దాని ముల్లు ఉత్తరమును విడిచి రేడియోను చూపును. రెండింటిని ఒకే సంచిలో నుంచుకొని, ముల్లు చూపినట్లు పడవ నడపినచో దారి తప్పక తప్పును.

రేడియోకు గల మరియొక శక్తి పిడుగును ముందుగా పసిగట్టుట. మెరుపు మెరిసినపుడు కాంతితోపాటు రేడియో తరంగములును పుట్టును. అవి మీడియం వేవ్‌లో 'ఫట్' మను శబ్దముగా వినబడును. డయలుపై చిన్న అంకెలవైపు, ఏ కేంద్రమును లేని చోట ముల్లునుంచి వినినచో ఉరుము చెవికి సోకకముందే, మబ్బు కంటికి కనబడకముందే ఈ చిటపటలు వినవచ్చును. గంటకొకసారి వినబడునవి నిమిషమునకు పదిసార్లు వినబడుచున్నచో గాలివాన సమీపించుచున్నదని గ్రహింపవలెను. ఎఫ్. ఎం. లో ఈ చిటపటలు ఇంచుమించు వినబడవు. సంగీతమునకు అది సుగుణమే. నీటిపై నున్నవానికి మాత్రము అది లోపము.

వైశాఖ జ్యేష్ఠ మాసములలో మన కోస్తా జిల్లాలలో మధ్యాహ్నము దాటిన పిమ్మట ఉన్నట్టుండి ఉరుములతో గాలివాన వచ్చుట సామాన్యము. సరస్సుపై చెట్టు లేదు, ఇల్లు లేదు. విశాలమైన నీటి నడుమ కూర్చున్న మనుష్యుని తలయే అచ్చటి ఎత్తైన వస్తువు. తెడ్డు నెత్తినచో ఇంకను ఎత్తు. మెరుపునకును ఉరుమునకును నడుమ సెకనులను లెక్కించి మూడుచే భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున పడెనో తెలియును. ముప్పది సెకనులు, అనగా పది కిలోమీటర్లు, లేదా అంతకు లోపైనచో నీటిపై నుండరాదు. చివరి ఉరుము వినబడిన తరువాత అరగంట గడచినగాని మరల పడవ నెక్కరాదు. ఉరుములు సమీపించినపుడు రేడియో ఏరియల్‌ను లోనికి దించివేయవలెను. పిడుగును వినుటకు ఆ ఏరియల్ అక్కరలేదు గదా.

తుఫాను సంగతి వేరు. అది గంటలలో గాక దినములలో వచ్చును, ప్రాంతమునంతను కబళించును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు పదివేలమంది మరణించిరి. 1990 మే 9వ తేదీన కృష్ణానది సముద్రమున కలియు ప్రాంతమునందే మిక్కిలి బలమైన మరియొక తుఫాను తీరమును దాటెను. ఈసారి మరణించినవారు వేయిమందికి లోపు. ముందుగా లక్షలకొలది జనులను తీరమునుండి తరలించుటయే ఇందుకు ముఖ్యకారణము. తరలింపవలెనన్నచో హెచ్చరిక ముందు చేరవలెను; చేరిన హెచ్చరిక అర్థము కావలెను.

భారత వాతావరణ శాఖవారు తుఫాను హెచ్చరికలను నాలుగు దశలుగా ప్రకటింతురు. మొదటిది డెబ్బదిరెండు గంటలకు ముందు వచ్చును. రెండవది ప్రతికూల వాతావరణము ఆరంభమగుటకు కనీసము నలువదియెనిమిది గంటలకు ముందును, మూడవది ఇరువదినాలుగు గంటలకు ముందును వెలువడును. నాలుగవది తీరము దాటుటకు పండ్రెండు గంటలకు ముందు వచ్చి, తీరము దాటిన పిమ్మట లోపలి జిల్లాలలో నేమి జరుగునో తెలుపును. ఈ నాలుగవదియే కొల్లేటివారికి మిక్కిలి ముఖ్యము. కొల్లేరు సముద్రతీరమున లేదు. తుఫాను తీరము దాటిన తరువాత కురియు వాననీరు అన్ని ఏరులనుండి అచ్చటికి చేరును. "తుఫాను తీరము దాటినది" అను మాట వినగానే ఊపిరిపీల్చుకొని రేడియోను ఆపివేయువాడు తనకు సంబంధించిన వార్తను వినకుండ పోవుచున్నాడు. నీటిపై బసచేయదలచినవాడు మాత్రము మొదటి హెచ్చరికతోనే ప్రయాణము మానుకొనవలెను.

సెల్‌ఫోను ఉండగా ఇంకను రేడియో యెందులకని మీరడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మామూలు దినములలో ఫోనే మేలైన సాధనము. దానిలో పటము కలదు, మాటలాడుటకు వీలు కలదు. కాని ఫోనుకు ప్రతి కొలది కిలోమీటర్లకు ఒక స్తంభమును, దానికి విద్యుత్తును కావలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తును, ఫోను సౌకర్యములును దెబ్బతిని, జనులు కొన్ని దినములు ఇక్కట్లు పడిరి. రేడియోకు మన ప్రక్కన స్తంభమక్కరలేదు. వందల కిలోమీటర్ల దూరమున ఒక్క కేంద్రము చెక్కుచెదరక నిలిచియున్నను చాలును. ఫోను ఒకటి రెండు దినములలో ఖాళీయగును. చిన్న రేడియో మాట కొంచెము లెక్కవేసి చూతము. ఒక మంచి సెల్లులో రెండువేల మిల్లీ ఆంపియర్ గంటల శక్తి కలదనుకొందము. తక్కువ ధ్వనిలో రేడియో నలువది మిల్లీ ఆంపియర్ల విద్యుత్తును తీసికొన్నచో సెల్లులు ఏబదిగంటలు వచ్చును. దినమునకు మూడుగంటలు విన్నను మూడుదినముల ప్రయాణమునకు తొమ్మిది గంటలే. ఒక జత సెల్లులు అదనముగా నున్నచో నిశ్చింత. ధ్వనిని హెచ్చించిన కొలది ఈ లెక్క తలక్రిందులగును గనుక చెవిలో పెట్టుకొను గొట్టముతో వినుట పొదుపు.

పొదుపొక్కటియే కాదు. 1999లో కొల్లేటిలోని అయిదవ కాంటూరు వరకు గల ప్రాంతమును అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల జాబితాకు ఎక్కినది. ఆటపాక యొద్ద గూడబాతులు వేలకొలది గూళ్లు పెట్టును. గూటిపైనున్న పక్షి బెదరి లేచిపోయినచో గ్రుడ్లు ఎండబడును. కాకులు వాటిని తన్నుకొని పోవును. అట్టి చోట ధ్వనిపేటికలో సినిమాపాటలు మ్రోగించుట కూడని పని. అభయారణ్యమున పడవ నడపుటకును, రాత్రి బసచేయుటకును అటవీశాఖవారి అనుమతి పొందవలెను. లంకగట్టుపై గుడారము వేయదలచినచో ఆ ఊరివారిని అడుగవలెను. అడిగినవానికి వారు నీటి సంగతి రేడియోకన్న వివరముగా చెప్పుదురు. ఏ సందున గుర్రపుడెక్క క్రమ్మినదో, ఎచ్చట వలలు కట్టియున్నవో ఏ ఆకాశవాణియు చెప్పదు.

రేడియోను నీటినుండి కాపాడుకొనుట గూర్చి కొంచెము చెప్పవలెను. నోరు మూడుచుట్లు మడిచి బిగించు నీరు చొరని సంచి దొరకును. దానిలో కొంచెము గాలి యుండునట్లు మూసినచో నీటిలో పడినను తేలును. సంచికి త్రాడు కట్టి, ఆ త్రాడును పడవకు కట్టవలెను, మెడకు కట్టుకొనరాదు. పడవ బోల్తాపడినపుడు మెడలోని త్రాడు ప్రాణాంతకము. ప్లాస్టికు సంచిలోనుండగనే రేడియోను వినవచ్చును, తరంగములు దానిలోనికి సులభముగా చొచ్చును. కాని కొందరు భద్రమని తలచి ఉక్కుడబ్బాలో నుంచుదురు. మూతగల ఉక్కుడబ్బాలో పాడుచున్న రేడియోను పెట్టి మూయుడు. పాట వెంటనే అణగిపోవును. లోహపు గోడ తరంగములను లోనికి రానీయదు. డబ్బా దాచుటకు మంచిదే, వినుటకు మాత్రము పనికిరాదు.

ఎంత జాగ్రత్తపడినను ఒక్కొక్కప్పుడు రేడియో తడియును. తడిసినదానిని "పనిచేయుచున్నదా" అని మీటనొక్కి చూచుటయే పెక్కుమంది చేయు పొరపాటు. నీరు చొచ్చిన యంత్రములో విద్యుత్తు ప్రవహించినచో లోని సన్నని రాగిదారులు తినివేయబడును. మొదట సెల్లులను తీసివేయవలెను. సెల్లుల అరమూతను తెరచి, నీటిని వంచి, గాలి తగులు నీడలో రెండుమూడు దినములుంచవలెను. ఎండలో నుంచినచో ప్లాస్టికు వంకరపోవును. ఉప్పుటేటి ముఖద్వారము వైపు ఉప్పునీటిలో పడినదైనచో, సెల్లులు తీసిన పిమ్మట మంచినీటితో ఒకమారు కడిగి ఆరబెట్టుట మేలు. ఉప్పు నిలిచియున్నచో గాలిలోని తేమను పీల్చుకొని లోహమును తినుచునే యుండును.

ఒక విషయమును మరువరాదు. ఈ పెట్టె వినునేగాని పలుకదు. పడవ చిక్కుకొన్నదని, కాలు బెణికినదని దీనిద్వారా ఎవరికిని చెప్పజాలము. అందుచేత బయలుదేరునపుడు గట్టుపై నమ్మకమైన యొకరికి మూడు సంగతులు చెప్పి పోవలెను: ఏ దారిని పోవుచున్నాము, ఎచ్చట బసచేయుదుము, ఏ వేళకు రాకున్నచో వెదకుటకు రావలెను. ఈత వచ్చినవాడైనను తేలుడుచొక్కాను విప్పరాదు. పిల్లలు పెద్దల తోడు లేక నీటిపైకి పోనేరాదు.

తిరిగివచ్చిన తరువాత సెల్లులను రేడియోనుండి తీసి వేరుగా నుంచవలెను. వాడుకలేని రేడియోలో మిగిలిపోయిన సెల్లులు కొన్ని నెలలకు ద్రవము నూరి, లోని తీగలను పచ్చగా తుప్పుపట్టించును. నీటిలో పడి పాడైన రేడియోలకన్న, అలమరలో పడియుండి ఇట్లు పాడైనవియే హెచ్చని బాగుచేయువారు చెప్పుదురు.